ఆకలికీ ర్యాంకు కావాలా?

"ఈ పాపకి తండ్రి లేడండీ. తల్లి పొలం పనులకి వెళ్తుంది. ఒంటి గది రేకుల షెడ్డులో ఉంటున్నారు. అయినా మన పాప తొంభై రెండు శాతం తెచ్చుకుంది. ఇప్పుడు మన దాతగారి చేతుల మీదుగా పదివేల రూపాయల చెక్కు అందుకుంటుంది. గట్టిగా చప్పట్లు కొట్టాలి, ఇంకా గట్టిగా!"

చల్లపల్లిలో ఒక కల్యాణ మండపంలో, మైకులో, మూడు వందల మంది ముందు అన్న మాటలివి. పిల్లల్ని పొద్దున్న తొమ్మిదిన్నరకే రమ్మన్నారు. ముఖ్య అతిథి కారు దిగేసరికి ఒంటిగంట దాటింది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ఒకరి మీద ఒకరు పొగడ్తలు అయ్యాక పిల్లల వంతు వచ్చింది. తలుపంత అట్టముక్క మీద ముద్రించిన డమ్మీ చెక్కును ఒక కొస దాతగారు, ఒక కొస ఆ పిల్ల పట్టుకున్నారు. "నవ్వమ్మా, ఇటు చూడు" అని ఫొటోగ్రాఫర్ అరుస్తున్నాడు. ఆ పిల్ల ఎవరి వంకా చూడలేదు. కింద మూడో వరసలో ఆమె క్లాసు పిల్లలే కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్ళకి ఆమె ఇల్లు రేకుల షెడ్డని తెలియదు.

అసలు డబ్బు ఆమె ఖాతాలో పడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది. పాస్‌బుక్ జిరాక్సు సరిగా లేదన్నారు, బోనఫైడ్ మళ్ళీ తెమ్మన్నారు. ఈలోగా పరీక్ష ఫీజు గడువు వచ్చింది. తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. ఫ్లెక్సీ మాత్రం ఆ సాయంత్రానికే సెంటర్లో లేచింది.

ఆ దాతగారు చెడ్డ మనిషి కాడు. ఆ మాట ముందే చెప్పేస్తాను. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది, చాలామందిది అక్కడిదాకా కూడా వెళ్ళదు. నా కోపం ఆయన ఒక్కడి మీద కాదు. ఆ మైకు మాటలకి చప్పట్లు కొట్టిన మా అందరి మీదా ఉంది. భోజనాల దగ్గర "పాపం, బాగా చదువుతుందట" అనేసి పెరుగు వడ్డించుకున్న వాళ్ళ మీద ఉంది. ఆ పిల్ల రెండో సంవత్సరంలో ఏమయిందో, మూడో సంవత్సరంలో ఉందో లేదో ఒక్కరంటే ఒక్కరు అడక్కపోవడం మీద ఉంది.

ఇవ్వడం చేతకాని నేలైతే ఇంత మంట ఉండేది కాదు. చల్లపల్లి జూనియర్ కాలేజీ ఈనాటికీ శ్రీమంతు రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ పేరును పొడి అక్షరాల్లో మోస్తూనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది మన బెజవాడలోనే. అది విశాఖ వెళ్ళి నిలదొక్కుకుందంటే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల అండ ఉంది. బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పి.ఆర్. కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉంటూ తన జీతంలోంచే ఎందరి ఫీజులు కట్టాడో. రాజుల సంగతి వదిలేయండి, వారాల భోజనం పెట్టిన ఇళ్ళు ఎన్ని! సోమవారం కరణం గారింట్లో, మంగళవారం మాస్టారింట్లో, బుధవారం ఇంకో ఇంట్లో తిని చదువుకున్న తరం ఒకటుంది. ఆ ఇళ్ళలో తిండి పెట్టిన వాళ్ళు ఏ కుర్రాణ్ణీ మార్కుల మెమో తెమ్మనలేదు. అదీ కులం చూసి పెట్టిన తిండేనని, అందరికీ దక్కలేదని నాకు తెలుసు. పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోమని నేననను. కానీ ఆకలి వేసిన రోజునే అన్నం పెట్టాలన్న ఇంగితం ఆ ఇల్లాళ్ళకు ఉంది. ఇవాళ కంప్యూటర్లు, పోర్టళ్ళు, ట్రస్టులు ఉన్న మనకు లేకుండా పోయింది.

డిగ్రీ చదివే పేదపిల్లకి ఏం కావాలో ఆ వేదికల మీది వాళ్ళకి తెలుసా? లక్షలు అక్కర్లేదు. సెమిస్టరు పరీక్ష ఫీజు గడువు రోజుకి చేతిలో కొన్ని వేలుండాలి. చల్లపల్లి నుంచి బందరో బెజవాడో రోజూ వెళ్ళొచ్చే పిల్లకి బస్సు పాసు కావాలి. హాస్టల్లో ఉంటే మెస్సు బిల్లు. సైన్సు గ్రూపైతే రికార్డులు, ప్రాజెక్టు ప్రింట్లు. ఇంటర్న్‌షిప్ అని ఊరు కాని ఊరు పంపితే అక్కడ గదికి అడ్వాన్సు. చదువు తెగిపోయేది ఇలాంటి చోట్లనే. మెస్సు బకాయి రెండు నెలలైతే పిల్ల ఇంటికొస్తుంది. ఇంటికొస్తే హాజరు పడిపోతుంది. హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఆగుతుంది. అది ఆగితే ఫీజు బకాయి. ఇక ఆ పిల్ల కాలేజీ మొహం చూడదు. మొదట్లో నాలుగు వేలు చేతిలో పెట్టి ఉంటే ఈ గొలుసు మొదలయ్యేదే కాదు.

కూలి డబ్బుకు కాలం ఉంటుంది. ఊడ్పులప్పుడు నాలుగు రాళ్ళు కనపడతాయి, కలుపుతీతకి కొంచెం. మళ్ళీ చేతినిండా పని దొరికేది కోతలకే. ఆ కోతల్ని ఇప్పుడు మిషన్ మింగేసింది. ఆడకూలీలు రోజుల తరబడి కోసి, పనలు వేసి, కుప్పలు పెట్టిన పొలాన్ని అది గంటల్లో ఊడ్చేస్తుంది. కౌలు రైతు ఇంట్లో అయితే సార్వా ధాన్యం చేతికొచ్చేది నవంబరు, డిసెంబరుల్లో. సెమిస్టరు పరీక్షల ఫీజు గడువు అంతకుముందే వస్తుంది. ధాన్యం డబ్బులు ఖాతాలో పడేది అంతకు తర్వాత. పైగా తుపాన్లకీ అవే నెలలు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఈ దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మొన్న మొన్న, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కోసిన పనలు నీళ్ళలో తేలాయి. ఆ నెలలో పిల్లకి ఫీజు కట్టమని నోటీసు ఇచ్చిన కాలేజీలో ఒక్కరికైనా కిటికీలోంచి బయట పొలం కనపడలేదా? కట్టడానికి ఇంకో నెల గడువివ్వడానికి ఏ జీవో అడ్డమొచ్చింది?

కౌలు రైతు నష్టపోయాడని చెప్పే కాగితం కూడా ఉండదు. పంట సాగుదారు కార్డుకు పొలం యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలని 2019 చట్టం షరతు పెట్టింది. యజమాని హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాడు, పొలం ఎక్కడ పోతుందోనని సంతకం పెట్టడు. కాగితం మీద పంట యజమానిది, అప్పు ఒక్కటే కౌలుదారుది. వాడి కూతురు స్కాలర్‌షిప్‌కి వెళ్తే "మీ నాన్న నష్టపోయినట్టు రుజువేది?" అంటారు.

ప్రభుత్వం సాయం లేదా అంటే, ఉంది. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల మా ఊళ్ళ నుంచి ఇంజనీర్లయిన కూలీల పిల్లలు నాకు తెలుసు. ఆ పథకం గొప్పదనాన్ని నేను కాదనను. 2019 తర్వాత దాని పేరు విద్యాదీవెన అయింది, మెస్సు ఖర్చులకి వసతి దీవెన అని డిగ్రీ పిల్లకి ఏడాదికి ఇరవై వేలు అన్నారు. డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారింది, కాలేజీల ఖాతాల్లోనే వేస్తామన్నారు. ఖాతా ఎవరిదన్న దాని మీద జరిగినంత చర్చ, డబ్బు ఏ నెలలో వేయాలన్న దాని మీద జరగలేదు. బకాయిలు మీవంటే మీవని రెండు పార్టీలు కొట్టుకుంటుంటే హాల్‌టికెట్ దగ్గర నిలబడింది పిల్ల. పక్క రాష్ట్రంలోనూ ఇదే వరస. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం ఏకంగా తలుపులే మూసేశాయి.

2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ఇంకో దెబ్బ. ప్రైవేటు కాలేజీలో పీజీ చదివే పేదపిల్లలకి ఫీజు ఇవ్వబోమని ఒక్క కాగితంతో తేల్చేశారు. డిగ్రీ వరకు నీది, ఆ పైన డబ్బున్నవాడిది అన్నట్టు. పాదయాత్రలో దాన్ని రద్దు చేస్తామని మాటిచ్చిన పార్టీ అధికారంలోకి వచ్చాక కూడా, ఆ రద్దు కోసం విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాల్సి వచ్చింది. మన జిల్లాకు 2008లో బందరులో కృష్ణా యూనివర్సిటీ వచ్చింది నిజమే. అక్కడ సీటు రాకపోతే, కోరుకున్న సబ్జెక్టు లేకపోతే? చల్లపల్లి పిల్ల పీజీ ఆశ అక్కడితో సరి.

ఇక ప్రభుత్వ సాయానికి ముందు ఆరు అంచెల పరిశీలన అనే వింత. భూమి, కారు, ఇంటి విస్తీర్ణం, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, కరెంటు వాడకం. పేదవాణ్ణి వడపోయడానికి జల్లెడ ఇది. కరెంటు మూడు వందల యూనిట్లు దాటితే అనర్హులు. ఇంటి ఓనరు ఆరు మీటర్లకి ఎవరి ఆధార్ లింకు చేశాడో, ఆ ఆరు మీటర్ల యూనిట్లూ ఒకరి ఖాతాలో పడిపోతాయి. చిన్నాన్న ఉద్యోగం, ఎప్పుడో అమ్మేసిన కారు, ఆన్‌లైన్లో మారని అడంగలు, ఏదో ఒకటి తగులుతుంది. సచివాలయానికి వెళ్తే కరెంటాఫీసుకు పొమ్మంటారు, అక్కడికి వెళ్తే సచివాలయంలో గ్రీవెన్స్ పెట్టమంటారు. కూలి పోగొట్టుకుని ఎన్ని రోజులు తిరుగుతుంది ఆ తల్లి? బ్యాంకు ఖాతాకి ఆధార్‌తో ఎన్‌పీసీఐ లింకు లేక వెనక్కి వెళ్ళిన డబ్బు కథ చెప్పడం మొదలుపెడితే ఈ పేజీలు చాలవు.

ఆగిన డబ్బు ఏం చేస్తుందో ఈ దేశం చూడలేదా? గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకునే ముందు రాసిన చివరి ఉత్తరంలో, తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు లెక్క కూడా రాశాడు. ఒక లక్షా డెబ్బై అయిదు వేలు, తన ఇంటివాళ్ళకు ఇప్పించమని. ఆ ఉత్తరం మీద పార్లమెంటు దాకా రభస జరిగింది. ఫెలోషిప్పులు ప్రతి నెలా ఒకటో తారీఖున పడాలన్న ఒక్క చిన్న ఏర్పాటు మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

నాకు తెలిసిన ఒకమ్మాయి సంగతి. ఏ కాలేజీయో చెప్పను, చెబితే ఇంకా అక్కడ చదివే ఆమె చెల్లెలికి ఇబ్బంది. డిగ్రీ పాసయింది. పీజీసెట్ రాసి ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. టీసీ, మార్కుల మెమోలు తెచ్చుకోవాలి, రిపోర్టు చేయడానికి గడువు నాలుగు రోజులే ఉంది. తల్లీ కూతురూ వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ణి కదా, నా మాటకి విలువుంటుందని వాళ్ళ ఆశ.

అకౌంట్స్ కిటికీ వెనక గుమాస్తా రిజిస్టరు తిరగేసి చెప్పాడు. "రీయింబర్స్‌మెంటు పూర్తిగా పడలేదమ్మా. మీరు కట్టేసి తీసుకెళ్ళండి. గవర్నమెంటు వేశాక వెనక్కిస్తాం."

"అంత డబ్బే ఉంటే మీకాడికెందుకొస్తాం బాబూ?" అంది తల్లి. చీర కొంగులో ముడివేసి తెచ్చిన అయిదు వేలు విప్పి కిటికీలో పెట్టింది. ఆ గుమాస్తా లెక్కపెట్టాడు. లెక్కపెట్టి, నోట్లన్నీ తలలు ఒకవైపు వచ్చేట్టు సర్ది, మళ్ళీ ఆమె వైపే తోశాడు. "సగం సగం కుదరదమ్మా. నో డ్యూస్ మీద సంతకం పడాలంటే మొత్తం కట్టాలి."

నేను అందుకున్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది కదా బాబూ అన్నాను. చదువు సర్టిఫికెట్టు అమ్మకపు సరుకు కాదు, బాకీ కింద తాకట్టు పెట్టుకోవడానికి వీల్లేదని మద్రాసు హైకోర్టు అన్నదీ చెప్పాను. ఆయన విసుక్కోలేదు. నవ్వాడు. "మీకు తెలియనిదేముంది మాస్టారూ! మేనేజ్‌మెంటు ఆర్డరు. నా జీతమే రెండు నెలల్నించి రాలేదు" అన్నాడు. ఆయన వెనకాల స్టీలు బీరువా. అందులో అడ్మిషన్ నంబర్లు రాసిన కవర్లు, వరసగా, ఒకదాని మీద ఒకటి. ఒక్కో కవరు ఒక్కో పిల్ల మూడేళ్ళ చదువు.

గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఒక చీరల షోరూములో నిలబడుతోంది. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే పని, కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. ఊళ్ళో అడిగితే "బెజవాడలో సెటిలయిందిగా" అంటున్నారు.

సెటిలయిందట!

ఇక దాతల సంగతికి వస్తాను. పేపర్లో వచ్చే స్కాలర్‌షిప్ ప్రకటన ఏదైనా చూడండి. తొంభై శాతం మార్కులు, తొమ్మిది జీపీఏ, ఫలానా లోపు ర్యాంకు, ఆ తర్వాతనే కుటుంబ ఆదాయం. విద్యాధన్ లాంటి మంచి సంస్థలున్నాయి, మన పిల్లలు ఎందరో దాని వల్ల గట్టెక్కారు. తానా ఫౌండేషన్ వాళ్ళు ఏటా ఇస్తున్నారు. వీళ్ళని అనడానికి నాకు నోరు రాదు. కానీ అందరూ అదే పిల్లవాడి వెంట పడితే ఎలా? టాపరుకి నాలుగు ట్రస్టులు, నాలుగు శాలువాలు. అరవై అయిదు శాతం వాడికి ఎవరూ లేరు. వాడు తెల్లవారుజామున పాలు తీసి, సెంటర్లో పోసి, బస్సెక్కి కాలేజీకి వచ్చేవాడు. వాడి అరవై అయిదు కోచింగుల మధ్య పెరిగిన వాడి తొంభై అయిదు కన్నా తక్కువని ఏ తక్కెడలో తూచారు?

యూనివర్సిటీ స్నాతకోత్సవాలు చూడండి. ఎవరో ఒకరు తమ తండ్రిగారి పేరు మీద కొంత మొత్తం డిపాజిట్ చేస్తారు, దాని వడ్డీతో ఏటా ఫస్టు వచ్చిన వాడికి పతకం. ఒకే పిల్ల మెడలో అరడజను పతకాలు వేలాడుతుంటాయి. బంగారం అంటారు గానీ చాలావరకు పూతే అనుకోండి, అది వేరే సంగతి. ఆ డిపాజిట్ల మీది వడ్డీతో ఎంతమందికి మెస్సు బిల్లు కట్టొచ్చో లెక్కవేసిన రిజిస్ట్రారు ఎవరైనా ఉన్నారా? మెస్సు బిల్లు మీద నాన్నగారి పేరు చెక్కరు, అదీ అసలు చిక్కు.

మార్కుల పిచ్చి ఉన్న దాతలకి ఎల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టాడు. మెట్రిక్యులేషన్ తప్పాడు, మళ్ళీ తప్పాడు, మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకొచ్చాడని సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ దక్కలేదు, దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అలాంటివాడు అమెరికా వెళ్ళి చదువుకుంటానంటే మామగారు కొంత సర్దాడు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ అండగా నిలిచింది. ఆ సత్యలింగ నాయకర్ కోరంగి మనిషి, రంగూన్‌లో సంపాదించినదంతా ధర్మానికి రాసి పోయినవాడు. సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. హార్వర్డ్‌లో స్కాలర్‌షిప్ దొరకలేదు, ఆసుపత్రిలో రాత్రి పూట కూలిపని చేసుకుంటూ చదివాడు. ఫోలిక్ ఆసిడ్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, ఇవన్నీ ఆ మనిషీ ఆయన బృందమూ ప్రపంచానికి ఇచ్చినవి.

ఇవాళ అదే సుబ్బారావు మన దాతల పోర్టల్‌లో అప్లికేషను పెడితే? మొదటి పేజీలోనే, మెట్రిక్యులేషన్ మార్కుల గడి దగ్గరే, "మీరు అనర్హులు" అని ఎర్ర అక్షరాలు వచ్చేవి. అటెంప్టుల సంఖ్య అడిగే గడి కూడా ఉంటుంది కదా.

"మార్కులు చూడకపోతే డబ్బు వృథా అవుతుంది కదండీ" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. ఆయనే మొన్న ఊరి ముఖద్వారానికి ఆర్చి కట్టించాడు. ఆ ఆర్చి ఏ పరీక్ష పాసయిందో నాకు తెలియదు.

మన పిల్లలు లక్షలు పోసి వెళ్ళే అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉంది. ప్రతి సెమిస్టరుకీ వెయ్యి మందికి పైగా విద్యార్థులు చిన్న చిన్న ఫీజు బకాయిల వల్ల రోల్స్ నుంచి పోతున్నారని వాళ్ళు గమనించారు. 2011 నుంచి పాంథర్ రిటెన్షన్ గ్రాంటు అని మొదలుపెట్టారు. పిల్లవాడు అప్లికేషను పెట్టనక్కర్లేదు. యూనివర్సిటీయే తన లెక్కల పుస్తకంలో ఎవరి బకాయి ఎంతుందో, ఎవరి పేరు కొట్టేయబోతున్నారో చూసి, ఆ మొత్తం తానే వాళ్ళ ఖాతాలో వేసి, తర్వాత పిలిచి మాట్లాడుతుంది. సగటున తొమ్మిది వందల డాలర్ల సాయం. వేదిక లేదు, మైకు లేదు. అలా నిలబడిన వాళ్ళలో చాలామంది డిగ్రీ అందుకుని వెళ్ళారు. అందులో దాతల డబ్బూ ఉంది. అక్కడ చదివి, అక్కడే ఇళ్ళు కొనుక్కుని, ఇక్కడికొచ్చి మన బడిలో విగ్రహం ఆవిష్కరించే అబ్బాయిలకి ఈ సంగతి తెలియదా? వాళ్ళ యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల విరాళాల ఉత్తరాలు నెలకోసారి వాళ్ళ మెయిల్‌కి వస్తూనే ఉంటాయి.

మన దగ్గర కూడా బకాయిల జాబితా ఉంది. ప్రతి కాలేజీ అకౌంట్స్ గదిలో ఉంది. దాన్ని ఇక్కడ హాల్‌టికెట్ ఆపడానికి వాడతారు, అంతే తేడా.

అమెరికా దాకా ఎందుకు, చల్లపల్లిలోనే చూడండి. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు 2014 నవంబరులో స్వచ్ఛ చల్లపల్లి మొదలుపెట్టారు. పొద్దు పొడవకముందే లేచి, చీపుర్లు పట్టుకుని, ఊరి రోడ్లూ మురుగు కాలవలూ బాగుచేసే మనుషులు ఏళ్ళ తరబడి ఆగలేదు. వాళ్ళలో రిటైరైన టీచర్లు, రైతులు, గృహిణులు ఉన్నారు. వానలో, చలిలో, ఎవరూ చప్పట్లు కొట్టని వేళలో చేసిన పని అది. చేతనైన ఊరే ఇది. మరి చదువు మానేసి వెళ్ళిపోతున్న పిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ ఊరికి, చుట్టుపక్కల ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డలకి ఎందుకు చెయ్యాడదు? మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి ఏ దేశంలో ఉన్నా మొక్కు చెల్లించడానికి వస్తారు, హుండీలో వేసి వెళ్తారు. స్వామికి ఇవ్వద్దని నేను అంటే పాపం. తిరుగు ప్రయాణంలో కారు ఒక్క అరగంట ఏదో ఒక కాలేజీ ముందు ఆపితే ఆయనకేమైనా కోపం వస్తుందా?

పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు ఇప్పుడు ప్రతి వేసవిలోనూ జాతర. ఇరవై అయిదేళ్ళ బ్యాచ్, ముప్ఫై ఏళ్ళ బ్యాచ్. ఒకే రంగు చొక్కాలు, డ్రోన్ కెమెరా, గురువులకి పాదపూజ, రాత్రికి రిసార్టు. నాకూ పాదపూజలు జరిగాయి, ఇత్తడి పళ్ళెంలో కాళ్ళు పెట్టించి కడిగారు, మోకాళ్ళ నొప్పితో చచ్చాను. మనిషికి మూడు వేలో అయిదు వేలో వేసుకుంటారు. అదే బడిలో, అదే కాలేజీలో, వాళ్ళు కూర్చున్న అదే బెంచీ మీద ఈ ఏడు కూర్చున్న పిల్లకి పరీక్ష ఫీజు లేదు. ఒక సమ్మేళనంలో ఈ మాట అన్నాను. "తప్పకుండా సార్, ఒక కమిటీ వేద్దాం" అన్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో గుడ్ మార్నింగ్ గులాబీలు వస్తున్నాయి.

కంపెనీల చట్టం 2013లో వచ్చింది, పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలంది. ట్రస్టుకి ఇచ్చేవాళ్ళకు పన్ను మినహాయింపు దారీ ఉంది. ఇచ్చేవాడికి అన్ని వెసులుబాట్లూ చట్టంలో ఉన్నాయి. పుచ్చుకునే పిల్లకి మాత్రం ఆదాయం సర్టిఫికెట్టు, బోనఫైడ్, రేషన్ కార్డు, ఆధార్, కుల ధృవీకరణ, రెండు సిఫార్సు ఉత్తరాలు, "నా జీవిత లక్ష్యం" అని ఒక వ్యాసం. పరీక్ష ఫీజు కట్టడానికి జీవిత లక్ష్యం ఎందుకయ్యా? అదీ ఇంగ్లీషులో.

ఒక పిల్ల నిజంగా ఇబ్బందుల్లో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆరు అంచెలు, పది కాగితాలు అక్కర్లేదు. ఆమె క్లాసు లెక్చరర్‌ని అడగండి. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకోని పిల్ల ఎవరో ఆయనకు తెలుసు. హాస్టల్ వంటావిణ్ణి అడగండి, ఆవిడకి ఇంకా బాగా తెలుసు. ఆ ఇద్దరి మాట మీద వారం లోపల మూడు వేలో నాలుగు వేలో నేరుగా కాలేజీ ఖాతాలో కట్టేసి, రసీదు ఆ పిల్ల చేతిలో పెట్టండి. ఎవరిచ్చారో ఆమెకి తెలియనక్కర్లేదు. ఒకరిద్దరు మోసం చేస్తారా? చేయనివ్వండి. ఊరి ఆర్చి కాంట్రాక్టరు చేసినంత మోసం చేయరు లెండి.

ఇది రాస్తున్న వారంలోనే ఒక కాలేజీ నోటీసు బోర్డు మీద పరీక్ష ఫీజు ఆఖరు తేదీ అంటించారు. అపరాధ రుసుముతో ఇంకో తేదీ, ఆ తర్వాత తత్కాల్ అట, దానికి ఇంకా ఎక్కువ. డబ్బు లేనివాడు ఆలస్యం చేస్తే ఎక్కువ డబ్బు కట్టాలనే ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ. ఆ తేదీ లోపల మీ మీ ఊళ్ళలో కాలేజీకి వెళ్ళండి. ట్రస్టు పెట్టక్కర్లేదు, ప్రారంభోత్సవం అక్కర్లేదు. అకౌంట్స్ కిటికీ దగ్గర నిలబడి, ఎవరి బకాయి ఎంతుందో అడగండి. చెప్పకపోతే ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళండి. మీ ఊరి ఎమ్మెల్యేకి ఫోను చేయడానికి మీ దగ్గర నంబరుంది, దాన్ని పెళ్ళి పత్రికలకే కాకుండా దీనికీ వాడండి. కట్టగలిగినవాడు కట్టండి. కట్టలేనివాడు అయినా వెళ్ళండి, నలుగురు వెళ్ళి ఆ స్టీలు బీరువా తాళం తియ్యమనండి. అందులో ఉన్న కాగితాలు కాలేజీ సొత్తు కావు.